సెలవునాటి సీసా

“ఇవాళ నీకు సెలవేగా” అని అత్తగారు సారా అందంటే, దాని వెనకాల బుట్టెడు పని వస్తున్నట్టే. రేపల్లెలో వాళ్ల గుడి ఆనవాయితీ ఒకటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారింటిల్లిపాదికీ వంతులవారీగా ఒక్కో ఇంట భోజనం. ఎవరికి వీలుకాకపోయినా ఆవిడే ముందుకొచ్చేది, మా కోడలికి సెలవే కదండీ అని. మాట ఆవిడది, చాకిరీ నీరజది.

ఆ ఆదివారం చేపలు తోమి, రొయ్యలు వలిచి, పదిమందికి వడ్డించి, అంట్లు కడిగి, వారం బట్టలు ఉతికేసరికి సాయంత్రం ఆరైంది. అప్పుడు గుర్తొచ్చింది, ఉమ్మి పట్టాలని. నీరజ తెనాలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడికి పరిశోధన కోసం గౌతమి అనే డాక్టరమ్మ వచ్చి, ఒంటి మీద పడ్డ భారం ఉమ్మిలో తెలిసిపోతుందని చెప్పి, నర్సులకి తలా రెండు చిన్న సీసాలిచ్చింది. డ్యూటీనాటి సాయంత్రం ఒకటి, సెలవునాటి సాయంత్రం ఒకటి. అరగంట ముందునుంచీ ఏమీ తినకూడదు, పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. తినకపోవడం కష్టం కాలేదు, మధ్యాహ్నం తన దాకా కూరే మిగల్లేదు. కూర్చోవడమే కుదర్లేదు. మూడుసార్లు లేపారు. మూడోసారి మొగుడు శాలేమురాజు గుమ్మంలో నిలబడి, ఉమ్మడానిక్కూడా కుర్చీ కావాలా నీకు అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వి, లేచి టీ పెట్టొచ్చి మళ్లీ కూర్చుంది.

పది రోజులకి డాక్టరమ్మ పిలిచింది. డ్యూటీనాటి సీసాలోనూ భారం ఎక్కువే ఉందిట, సెలవునాటి దాంట్లో ఇంకా ఎక్కువుందిట.

“సీసాల మీద చీటీలు తారుమారైనట్టున్నాయమ్మా. తారుమారయ్యాయని ఇక్కడ సంతకం పెట్టు, సరిచేసుకుంటాను. కావాలంటే ఇంట్లో ఒకసారి అడిగి చూడు.”

నీరజ స్పీకర్ పెట్టి మొగుడికి ఫోన్ చేసింది, ఆ ఆదివారం సంగతి డాక్టరమ్మే అడిగింది. పక్కనే హెడ్ నర్సు రావమ్మ కూడా ఉంది.

“ఆదివారమా? ఇంట్లోనే ఉందండీ,” అన్నాడు శాలేమురాజు. “పనేముంది, ఖాళీయే.”

డాక్టరమ్మ పెన్ను చేతికిచ్చింది. సంతకం పెడితే ఇంటి పరువు దక్కుతుంది. ఆయన తాగడు, చెయ్యెత్తడు, ఇంకేం కావాలే అని కన్నతల్లే అంటుంది. నిజమే, ఏం కావాలో తనకీ తెలీదు. అబద్ధం చెబుతున్నట్టు ఆయన గొంతులో ఎక్కడా లేదు. నిజంగానే ఆయనకి కనపడలేదు, పన్నెండేళ్లుగా కళ్లెదురుగా తిరుగుతున్న మనిషి. పోనీ, ఈ సీసాకి కనపడింది. దాన్నీ తన చేత్తోనే కొట్టెయ్యాలా?

పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“తారుమారు కాలేదు మేడం. ఎలా ఉన్నది అలాగే రాసుకోండి.”

డాక్టరమ్మ అలాగే రాసుకుంది. రావమ్మ వెంటే బయటికొచ్చి, నీకేం కావాలో చెప్పవే తల్లీ అంది. ఆదివారం నాకు డ్యూటీ వెయ్యండక్కా, సెలవు బుధవారం ఇవ్వండి అంది నీరజ. ఇంట్లో ఆదివారం డ్యూటీ పడిందన్న సంగతే చెప్పింది, బుధవారం మాట ఎత్తలేదు.

బుధవారం ఎప్పట్లాగే క్యారేజీ కట్టుకుని తెనాలి రైలెక్కింది. తెనాలిలో దిగి, ఏ పనీ లేకుండానే బాపట్లకి టికెట్ తీసుకుని, ఇంకో రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. బాపట్ల ఎప్పుడు వెళ్లిపోయిందో, చీరాల దాటేదాకా మెలకువ రాలేదు.