చల్లటి చెమట

నేను ఒక వేడినీళ్ల బ్యాగును. రబ్బరు ఫ్యాక్టరీలో ఎర్రగా పుట్టాను. తణుకులో మందుల షాపు నుంచి మంగతాయారు నన్ను ఇంటికి తెచ్చుకుంది. నడుమైనా మోకాలైనా ఆ ఇంట్లో వైద్యం నాదే.

నా శత్రువు ఈసీజీ మెషీను. ఆమె భర్త గంగరాజుకు గుండెపోటు వచ్చిన రోజు నన్ను మంచం కింద పడేసి, ఆయన్ని తీసుకుని ఆసుపత్రిలో దాని దగ్గరికే పరిగెత్తారు. అదేదో కాగితం కక్కిందట. ఇంటిల్లిపాదీ దాన్నే పొగిడారు. నాకు కడుపు మండింది. మరిగే నీళ్లు మోసే కడుపు నాది, మంట కొత్తేం కాదు.

ఆ తర్వాత గుండెపోటు గంగరాజు సొత్తైపోయింది. వచ్చినవాళ్లందరికీ కాఫీతోపాటు ఆ కథ వడ్డించేవాడు: ఛాతీలో రోకలితో దంచినట్టు నొప్పి, ఎడమ చెయ్యి లాగేయడం.

కార్తీక సోమవారం. మంగతాయారు ఉపవాసం. మధ్యాహ్నానికి దవడ లాగుతోందంది. భుజాల మధ్య పట్టేసింది, వికారంగా ఉందంది. నాలుగడుగులకే ఆయాసం. నన్ను అడిగింది. ఆ మెషీనును కాదు, నన్ను! ఉప్పొంగిపోయాను.

గంగరాజు పేపరు దించకుండానే తీర్పు చెప్పాడు. "ఖాళీ కడుపు కదా, గ్యాసే. నాకొచ్చినప్పుడు ఎలాగుందో చూశావుగా. నీకు ఛాతీలో నొప్పే లేదు."

"లేదండీ," అంది ఆమె, తప్పు చేసినట్టు. "చుక్క చూసి అన్నం తింటే సర్దుకుంటుందిలెండి."

కోడలు హిమజ నన్ను అత్తగారి వీపుకు ఆనించింది. జాకెట్టు తడిసింది. నేను కారుతున్నాననుకుని మూత బిగించి తుడిచింది. మళ్లీ తడి. నేనేమో కాలిపోతున్నాను, ఆ తడి మాత్రం మంచులా ఉంది. అవి నా నీళ్లు కావు.

హిమజ ఫోన్ తీసి అంబులెన్సును పిలిచింది.

"సాయంత్రం దాకా చూడొచ్చు కదమ్మా," అన్నాడు గంగరాజు.

"చల్లటి చెమటలు పడుతున్నాయి. ఆడవాళ్లకి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా కూడా వస్తుందండీ, మావయ్యగారూ. మీకొచ్చినట్టే రావాలని రూలేం లేదు."

దారి పొడవునా మంగతాయారు నన్ను వదల్లేదు. ఆసుపత్రిలో నర్సు నన్ను లాగి స్టూలు మీద పడేసింది. ఎదురుగా అది. బూడిదరంగు డబ్బా, ఒంట్లో వెచ్చదనమే లేదు. కాగితం కక్కింది. చూసిన డాక్టరు పరిగెత్తాడు. మూసుకుపోయిన రక్తనాళాన్ని ఆ పూటే తెరిచారు.

మంగతాయారు బతికింది. ఇప్పుడు కాఫీతో వడ్డించేది ఆమె కథ. "నా నొప్పితో పోలిస్తే అదెంత," అని పక్కన గొణుగుతాడు గంగరాజు. ఎవరైనా దవడ నొప్పనో వీపు నొప్పనో నన్ను అడిగితే, ముందుగా ఆమె వాళ్ల మెడ మీద చెయ్యి వేసి చెమట చూస్తుంది.

నేను స్నానాలగది మేకుకు వేలాడుతున్నాను. కాగితం మీద రాసింది ఆ మెషీనే, ఒప్పుకుంటాను. కానీ ఆ చెమట మొదట తడిపింది నన్ను.