పెట్టెకి కట్టిన తడిగుడ్డ

ఆ వంటింట్లో పొగ ఎంత చిక్కగా ఉండేదంటే, తెల్లపిల్లి ఒకటి పాలకోసం లోపలికెళ్లి నల్లగా బయటికొస్తే, అది కన్న పిల్లలే గుర్తుపట్టక తోకలు ఉబ్బించుకుని పరిగెత్తాయట. కొత్తగా పెళ్లైన అల్లుడు మంచినీళ్లు ముంచుకుందామని వెళ్లి, గోడలు తడుముకుంటూ తిరిగి తిరిగి మూడోనాటికి గుమ్మం దొరికించుకున్నాడట. మూడు రోజులన్నది కొంచెం ఎక్కువైతే ఒక పూట తగ్గించుకోండి. ఇవన్నీ చెప్పింది ఆ వంటింటి యజమానురాలే. వీధి వీధంతా ఆవిణ్ణి అమ్మమ్మ అనే పిలిచేది.

కానీ ఆవిడకి సొంత మనవరాలు మాత్రం ఒక్కతే. ఏడేళ్లది. గింజంత తిని గంపెడు మాట్లాడుతుంది కాబట్టి పిచ్చుక అని పేరు పడింది. పిచ్చుక తల్లి బట్టల మిల్లులో పనిచేస్తుంది. పొద్దున్నే పోతే మళ్లీ పొద్దుగూకేవేళకి వస్తుంది. అందుకని పిల్ల పెరిగిందంతా అమ్మమ్మ పొయ్యి పక్కనే. అమ్మమ్మ తన చేత్తో మెత్తిన మట్టిపొయ్యి అది. దాని ఎడమవైపు జానెడు ఎత్తు పీట ఒకటుండేది. పీట మీద పిచ్చుక, పిచ్చుక చెవిలో అమ్మమ్మ కోతలు. ఎసరు మరిగేలోపు ఒక కథ, కూర ఉడికేలోపు ఇంకో కథ.

ఆ పిల్లకి దగ్గుంది. వచ్చిన దగ్గు పోతుందనుకుంటే పోదు, రెండేళ్లుగా ఇంట్లో మనిషిలా తిష్టవేసింది. మెట్లెక్కితే పిల్లికూతలు, పరిగెత్తితే ఆయాసం.

"వంటింట్లో కూర్చోబెట్టకమ్మా అంటే వినవు. డాక్టరు ఏం చెప్పాడు?" అని కూతురు రోజూ అనేది.

"డాక్టరుకేం, ఏదో ఒకటి చెప్పాలిగా. నేను నలుగురిని పెంచాను ఈ పొయ్యి పక్కన. నువ్వు దగ్గావా?"

"దగ్గాను."

"దగ్గినా బతికావుగా."

కూతురు తలకొట్టుకుని మిల్లుకి పోయేది.

అలా ఉండగా ఒకరోజు భుజాన సంచీ, చేతిలో రాసుకునే అట్ట పట్టుకుని ఒక అమ్మాయి వీధిలోకి వచ్చింది. ఇళ్లలో పొగ ఎంతుందో కొలిచే పరిశోధన వాళ్లు పంపారట. వీధిలో పన్నెండిళ్లకి పన్నెండు పెట్టెలు తెచ్చింది. ఆ పూటకే ఆమెకి పెట్టెమ్మాయి అని పేరు ఖాయమైపోయింది.

"అమ్మమ్మా, ఈ పెట్టె రెండు రోజులు మీ వంటింట్లో వేలాడుతుంది. మీరు ఎప్పట్లాగే వండుకోండి. దాన్ని ముట్టుకోకండి, అంతే."

"ఏం తింటుంది?"

"గాలి తింటుంది. లోపల చిన్న ఫ్యాను గాలిని పీలుస్తుంది, తెల్లకాగితం బిళ్ల ఒకటి నుసిని పట్టుకుంటుంది. కంటికి కనపడని సన్న నుసి అమ్మమ్మా, అదే ఊపిరితిత్తుల అడుగుదాకా దిగేది."

"కొలిచి ఏం చేస్తారు, గిన్నెలో పోసి అమ్ముతారా?"

పెట్టెమ్మాయి నవ్వి, తర్వాత నవ్వడం మానేసి చెప్పింది. ప్రభుత్వం పొగగొట్టమున్న పొయ్యిలు ఇస్తుంది. అందరికీ ఒకేసారి ఇవ్వడం కుదరదు. పిల్లలు ఎక్కడ ఎక్కువ పొగ పీలుస్తున్నారో ఆ వీధులకి ముందు. లెక్కలు ఈ నెలాఖరుకి పైకి వెళ్లిపోతాయి. జాబితాలో లేని వీధి మళ్లీ మూడేళ్లు ఆగాలి.

మూడేళ్లంటే పిచ్చుకకి పదేళ్లొస్తాయి. పెట్టె వేలాడదీసే మేకు అమ్మమ్మ తనే దగ్గరుండి కొట్టించింది.

మొదటిపూట కట్టెలు అంటుకున్నాయి. పొగ లేచింది. పైన పెట్టె గుయ్యిమని సన్నగా మూలగడం మొదలుపెట్టింది. ఫ్యాను చప్పుడే అది. అమ్మమ్మ గరిటె పట్టుకుని తలెత్తి చూసింది. పొగ చిక్కబడేకొద్దీ మూలుగు బరువెక్కుతున్నట్టు తోచింది.

"ఊపిరాడటం లేదే దానికి," అంది పిచ్చుకతో. "మనింటికొచ్చి రెండు రోజులుండిపోయేది, ఉక్కిరిబిక్కిరి చేసి పంపుతామా?"

తువ్వాలు నీళ్లలో ముంచి, పిండి, రెండు మడతలు వేసి పెట్టె మూతి చుట్టూ కట్టింది. ముట్టుకోవద్దన్న మాట గుర్తుంది. నేను పెట్టెని ముట్టుకోలేదుగా, గుడ్డని ముట్టుకున్నాను అని సర్దిచెప్పుకుంది. మూలుగు తగ్గింది. ఆవిడ ప్రాణం కుదుటపడింది. అంతటితో ఊరుకుందా, గుమ్మంలోకొచ్చి ఎదురింటి బొగ్గులమ్మే ఆవిణ్ణి కేకేసింది.

"ఏమే, నీ పెట్టె మూలుగుతోందా?"

"మూలుగుతోందక్కా. నేనూ అదే అనుకుంటున్నాను, పాపం."

"తడిగుడ్డ కట్టు."

వీధిలో అమ్మమ్మ మాటకి తిరుగులేదు. సాయంత్రానికి పన్నెండు పెట్టెలకీ పన్నెండు తడిగుడ్డలు. ఎండితే మళ్లీ తడిపారు. రెండు రోజులూ వంతులేసుకుని చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నారు. పెట్టెమ్మాయి వచ్చే పొద్దున గుడ్డలు విప్పి, పెట్టెల్ని తుడిచి అప్పజెప్పారు.

వారం తిరిగేసరికి పెట్టెమ్మాయి మళ్లీ వచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. అమ్మమ్మ పొయ్యి ముందే కూర్చుని ఉంది, పిచ్చుక పీట మీదుంది.

"అమ్మమ్మా, ఏం చేశారు మీరంతా? మీ వీధి గాలి కొండమీద గాలికన్నా శుభ్రమని వచ్చింది. మా సారు చూసి, ఈ వీధికి పొయ్యిలెందుకు, మంచిగాలి కోసం రోగులొచ్చి ఉండే ఆసుపత్రి ఇక్కడ కడదామన్నారు. జాబితాలోంచి కొట్టేశారు."

అమ్మమ్మ గొట్టంతో పొయ్యి ఊదుతూ ఆగిపోయింది. ఆవిడ నోరు తెరిచేలోపే పిచ్చుక చెప్పేసింది.

"పెట్టెకి తడిగుడ్డ కట్టాం. ఊపిరాడక మూలిగిందిగా, అందుకని." ఆ మాట పూర్తవుతూనే పిల్లకి దగ్గు తెర వచ్చింది. వంగిపోయి దగ్గింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. దగ్గు ఆగాక గుండెలో సన్నగా కూత, గుయ్యిమని.

అమ్మమ్మ ఆ కూత వింటూ ఉండిపోయింది. రెండేళ్లుగా వింటున్నదే. ఆవేళే కొత్తగా విన్నట్టు పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. చేతికింద ఆ కూత కదులుతోంది.

"దానికి కట్టాను," అంది మెల్లగా. "రేకు పెట్టెకి కట్టాను."

పిచ్చుకని పీట మీదనుంచి ఎత్తి, తనే తీసుకెళ్లి బయట కిటికీ అవతల నిలబెట్టి వచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలి చెప్పమ్మాయ్."

"మళ్లీ కొలవాలి. ముందు కొలిచింది ఎందుకు పాడైందో మీరు చెబితే నేను రాసుకుంటాను, మీరు వేలిముద్ర వెయ్యాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలమ్మమ్మా. లేకపోతే సారు ఒప్పుకోరు."

"రాసుకో. పొగ ఎంత వచ్చిందంటే ఆకాశంలో పోయే పక్షులు..."

"అమ్మమ్మా."

"సరే, పక్షులు కొట్టెయ్. మూడొందల బిందెల నీళ్లతో గుడ్డ..."

"ఎన్ని బిందెలు?"

"ఒక చెంబు." పెద్ద నిట్టూర్పు. "ఒక చెంబుడు నీళ్లు, ఒక తువ్వాలు. మిగతా పదకొండిళ్లకీ నేనే చెప్పాను, వాళ్ల తప్పేం లేదు. అది కూడా రాయి."

జన్మలో మొదటిసారి కోత లేని మాట చెప్పి, దాని కింద వేలిముద్ర వేసింది.

ఈసారి పెట్టెమ్మాయి మేకు దగ్గరికి పోలేదు. పిల్ల కూర్చుంటే ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో టేపుతో కొలిచి, పీట మీద ఇటుకలు పేర్చి, సరిగ్గా ఆ ఎత్తున పెట్టెని పెట్టింది. మిగతా పదకొండిళ్లలోనూ పెట్టెలు మళ్లీ పెట్టింది. రెండు రోజులూ పిచ్చుక కిటికీ బయటే ఉండి కథలకోసం అరిచింది. అమ్మమ్మ కట్టెలు ఎగదోస్తూ, పక్కనున్న పెట్టె వైపు చూడకుండా చెప్పింది. ఎప్పుడైనా పొరపాటున చూస్తే కథ మధ్యలో తెగేది.

"ఊఁ, తర్వాత?" అని బయటనుంచి పిచ్చుక.

"ఉండవే, కట్టె ఆరిపోతోంది."

రెండు రోజులయ్యాక పెట్టెమ్మాయి అక్కడే మూత విప్పింది. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద కాగితం. పెట్టేటప్పుడు పాలలా ఉంది. ఇప్పుడు మూకుడు అడుగులా ఉంది.

"ఇది రెండు రోజులదేనా?" అంది అమ్మమ్మ.

"రెండు రోజులదే."

అమ్మమ్మ దాన్ని మూతతో సహా చేతిలోకి తీసుకుని చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది.

పన్నెండిళ్ల లెక్కలూ నెలాఖరుకి రెండు రోజుల ముందు పైకి వెళ్లాయి. వీధి జాబితాలోకెక్కింది, అదీ మొదటి విడతలోనే. ఆ కబురు చెప్పడానికి పెట్టెమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"పొయ్యిలు ఎప్పుడొస్తాయి?" అంది అమ్మమ్మ.

"ఐదారు నెలల్లో."

ఆ సాయంత్రం మిల్లునుంచి వచ్చిన కూతురికి ఇంట్లోంచి దబదబమని చప్పుడు వినిపించింది. వంటింట్లోకి తొంగిచూస్తే అమ్మమ్మ సుత్తి పట్టుకుని ఉంది. ముప్పై ఏళ్లనాటి మట్టిపొయ్యి సగం పెళ్లలైపోయింది.

"అమ్మా, ఏంటిది? ఇస్తామన్నారుగా?"

"ఐదారు నెలలన్నారు. రెండు రోజులకే ఆ కాగితం ఎలా అయిందో నువ్వు చూళ్లేదు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెడదాం, ఆ రాళ్లు అందుకో."

అమ్మమ్మ మెడలో తువ్వాలు వేసుకుని, చెమటలు కారుతూ, మూడు రాళ్లు పెరట్లోకి మోయించింది. గోడలకి దూరంగా, ఆరుబయట పేర్చింది. కూతురు తల్లిని వింతగా చూసింది. తర్వాత కట్టెలు తెచ్చి పెట్టింది.

"వానొస్తే?" అంది పిచ్చుక.

"గొడుగు పడతాను."

"మరి నేను నీ పక్కన కూర్చోవచ్చా?"

అమ్మమ్మ వేలు నాలుకతో తడిపి పైకెత్తి, గాలి ఎటునుంచి వస్తోందో చూసింది. మళ్లీ చూసింది. పొయ్యి వెలిగించి, పొగ ఎటు వంగుతుందో కనిపెట్టింది. అప్పుడు పీట తెచ్చి గాలి వచ్చేవైపు, పొయ్యికి నాలుగడుగుల అవతల వేసింది. కాసేపు ఆలోచించి ఇంకో అడుగు వెనక్కి జరిపింది.

"ఇంత దూరమా," అంది పిచ్చుక మూతి ముడిచి.

"నేను గట్టిగా చెబుతాలే," అంది అమ్మమ్మ.