పసుపు కడిగిన ముఖం

నేలఉసిరి మెత్తగా నూరకపోతే కొడుక్కి గొంతు దిగదని అత్త కెంచమ్మ రోజూ చెప్పే మాటే. నాగవేణమ్మ సన్నికల్లు ముందు కూర్చుని పదిహేడు రోజులుగా నూరుతూనే ఉంది. ధర్మపురి బజారులో బట్టల అంగడి నడిపే మొగుడు నంజప్పకు కళ్ళు పచ్చబడగానే ఇల్లంతా గగ్గోలెత్తింది. మారండహళ్ళి నుంచి దొరసామి వైద్యుడు దిగాడు. "నెయ్యి, వేపుళ్ళు తిని తిని ఈరల్లో, అదే కాలేయంలో, కొవ్వు చేరింది. ఒక మండలం ఈ ఆకు మజ్జిగలో ఇయ్యండి. ఉప్పు, నూనె ముట్టగూడదు" అన్నాడు. తెల్లవారకముందే గట్ల వెంట ఆకు కోసేది ఆమే, రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరేది ఆమే, మొగుడి విస్తట్లో మిగిలిన చప్పిడి కూడు తినేదీ ఆమే.

పది రోజులుగా ఆమెకూ ఏదీ సయించడం లేదు. కుడి డొక్కలో ఒకటే నొప్పి.

"నా కండ్లు పచ్చగుండాయేమో సూడత్తా" అని అడిగింది ఒకనాడు.

"దినామూ పసుపు రుద్దుకొనేదానివి, పచ్చగా కాక నల్లగుంటావా? మొగుడు పండుకొంటే నీకు రోగాలొచ్చినాయా?" అంది కెంచమ్మ. నంజప్ప మజ్జిగ గ్లాసులోంచి తలెత్తితే ఒట్టు.

నంజప్ప మొదటి భార్య పరమేశ్వరి ఈ ఇంట్లోనే పోయింది. జ్వరంతో అని చెప్పి నాగవేణమ్మను చేసుకున్నారు. పాలు పోసే కరుప్పాయి మొన్న గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది. "ఆయమ్మకీ పసుపే అన్నారు తల్లీ. పోయినాక నేనే నీళ్ళు పోసినాను. పసుపంతా పోయింది, పచ్చ మాత్రం పోలా."

ఆ మాట నాగవేణమ్మను వదల్లేదు. ఈ ఉదయం కొబ్బరిచిప్పలో తన మూత్రం పట్టి, ఊళ్ళోవాళ్ళు కామెర్లు చూసే పద్ధతిలో నాలుగు అన్నం మెతుకులు వేసి పెరట్లో దాచింది. ఇప్పుడు వెళ్ళి చూస్తే మెతుకులు పచ్చబడి ఉన్నాయి. చావంటే భయమే. తన శవానికి నీళ్ళు పోసేదాకా ఎవరికీ తెలియదేమోనని అంతకంటే భయం. వీధిలో బండి ఆగిన చప్పుడైంది. వైద్యుడు రోగిని చూడడానికి వచ్చాడు.

నూతి దగ్గర పెసరపిండితో ముఖం రుద్ది రుద్ది కడుక్కుంది నాగవేణమ్మ. పసుపు చుక్క మిగలలేదు. అలాగే నడవలోకి వచ్చింది.

"శుక్రవారం పూట పసుపు లేని ముఖమా! నా కొడుకు బతికుండంగానే!" కెంచమ్మ రొమ్ము బాదుకుంది. నంజప్ప మొదటిసారి తలెత్తి చూశాడు. నాగవేణమ్మ వైద్యుడి ముందుకు వెళ్ళి, వేలితో కింది రెప్ప లాగి పట్టుకుంది.

"ముఖం కడుక్కొన్నానయ్యా. కండ్లు కడిగితే పోలేదు. సూడండి."