మాసమ్మ పిల్లి మీద వేసిన నింద

పిల్లుల వైరస్ జన్యువు గీతలుగా అచ్చైన ఎక్స్‌రే ఫిల్మును లైటుపెట్టె మీద పెట్టి, నల్లగీతల్ని నాలుగోసారి చదివింది నాగశ్రీ. గీతలు మారలేదు. ఆమె మొహమే మారింది.

నెల కిందట చిక్కడపల్లిలో నాలుగిళ్ల పిల్లులు ఒకే వారంలో నోరు పూసి, చొంగ కార్చుకుంటూ తిండి మానేశాయి. నాగశ్రీ నారాయణగూడ ల్యాబులో పిల్లుల వైరస్ మీదే పనిచేస్తుంది. కాలనీ పెద్ద జోగారావు మీటింగులో ఆమెనే అడిగాడు, "ఎక్కణ్ణుంచొచ్చిందమ్మా ఈ రోగం?" అని. పరీక్ష ఇంకా కాలేదు. తెలియదనడానికి చదువు అడ్డొచ్చింది. "వెనక బస్తీ నుంచే. మాసమ్మ పిల్లికీ నోటినిండా పుళ్లే," అనేసింది.

మర్నాడే కాలనీవాళ్లు ఆ పిల్లిని గోతంలో కట్టి ముషీరాబాద్ అవతల వదిలేశారు. మాసమ్మ పాలమూరు నుంచి వలసొచ్చి, ఆ బస్తీలో ఉంటూ, అశోక్ నగర్ హాస్టల్లో గిన్నెలు తోముకునే మనిషి. ఆమెనెవరడుగుతారు?

ఈ వైరస్‌కు పేరొకటే, తీరులు బోలెడు. పిల్లి పిల్లికీ దాని జన్యువులో అక్షరాలు మారిపోతుంటాయి. మాసమ్మ పిల్లిది పూర్తిగా వేరే తీరు. రోగమొచ్చాక తీసిన కాలనీ పిల్లుల నమూనాలు నాలుగూ అచ్చుగుద్దినట్టు ఒక్కదానితోనే కలిశాయి: నాగశ్రీ ఇంట్లో ఏ జబ్బూ లేనట్టు తిరిగే పిల్లితో. రోగానికి ముందు వారం, ల్యాబు పనికి గొంతు నమూనాల కోసం ఇల్లిల్లూ తిరిగినప్పుడు, తన పిల్లిని చుట్టిన తువాలుతోనే కాలనీ పిల్లులన్నిటినీ చుట్టింది. ఉతకడానికి బద్ధకించింది.

సాయంత్రం హాస్టల్ వెనక్కి వెళ్లి, "తప్పు నాదే మాసమ్మా," అంది.

మాసమ్మ తోముడు ఆపలేదు. "మూడు దినాలు తిరిగిన మేడం, దొర్కలే. ఆ దినం నా పిల్లిని చుట్టనీకి నా పాత గుడ్డ అడిగినవు, యాదికుందా? నీ తువాలకు మైలైతదని గదా?"

మాసమ్మ తోమిన గిన్నె బోర్లించింది.

"నా చెవుల ఊదితే ఏమొస్తది? నలుగుర్ల అన్నవు, నలుగుర్లనే చెప్పు. గుడ్డ ముచ్చట గూడ చెప్పాలె."

ఆదివారం మీటింగులో నాగశ్రీ వైరస్ గురించి చెప్పింది, తువాలు గురించి చెప్పింది, గుడ్డ మాట మాత్రం దాటేసింది. "పోనీండమ్మా, బస్తీ పిల్లే కదా, కూర్చోండి," అన్నాడు జోగారావు. ఆ మాటకు ప్రాణం తేలికపడటం చూసి తన మీద తనకే అసహ్యమేసింది. అయినా కూర్చుంది.

గుమ్మం బయట నిలబడి వింటున్న మాసమ్మ కదల్లేదు.

నాగశ్రీ మళ్లీ లేచింది. "ఆవిడ పిల్లిని నా తువాలుతో ముట్టుకోడానికి నాకు రోతేసింది. ఆ రోతతోనే నింద వేశాను."

"ఇవన్నీ ఇక్కడెందుకమ్మా?" విసుక్కున్నాడు జోగారావు.

"నింద ఇక్కడే కదండీ వేశాను."