దొడ్డివైపు కుక్కర్

నేను ఒక పది లీటర్ల ప్రెషర్ కుక్కర్‌ని. పుట్టింది వంటింటి కోసం, బతికింది దొడ్డిలో. అల్యూమినియం ఒళ్లు కాబట్టి చప్పున వేడెక్కుతాను, చప్పున చల్లారుతాను. మధ్యలో ఏమైనా అనిపిస్తుందా అంటే చెప్పలేను. ఆవిరి నిండితే కూస్తాను, అంతే. దానికి అర్థాలు చెప్పుకునేది వినేవాళ్లు.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో చదునుగా పడుకున్న రేకును యంత్రం ఒక్క నొక్కు నొక్కింది. గిన్నెనై లేచాను. పిడి బిగించారు, మూతపెట్టి నీళ్లలో ముంచి చూశారు, బుడగలు రాలేదు కాబట్టి మంచిదాన్నేనని తేల్చి అట్టపెట్టెలో పెట్టారు. మనుషులకీ ఇలాంటి పరీక్ష ఒకటి ఉంటే పెళ్లిసంబంధాలు చూసేవాళ్లకు సగం తిరుగుడు తప్పేది.

నేను చేరింది కూడా పెళ్లి కానుకగానే. కాకినాడలో కాలేజీ గుమాస్తా సోమయాజులుగారికి విశాలాక్షిగారితో పెళ్లయినప్పుడు తోటి గుమాస్తాలు చందాలు వేసుకుని నన్ను కొన్నారు. ఇద్దరికి పది లీటర్లెందుకని ఎవరూ అడగలేదు. పిల్లలు పుడితే నిండుతుందిలే అనుకుని ఉంటారు. పిల్లలు పుట్టలేదు. ఏ చుట్టాలో వస్తే దించేవారు, వాళ్లు వెళ్లగానే మళ్లీ అటకెక్కించేవారు.

అలా ఏళ్లు గడిచాక ఒక వానలో సోమయాజులుగారు కాలు విరిగిన కుక్కపిల్లను తువ్వాల్లో చుట్టుకుని వచ్చారు. పశువుల డాక్టరు మాంసం పెట్టాలన్నాడట. ఆ ఇంట్లో కోడిగుడ్డు అనే మాటైనా వంటింటి గడప దాటి లోపలికి రాదు.

"నా గిన్నెలు ముట్టుకున్నారో, నేను మా పుట్టింటికి పోతాను," అన్నారు విశాలాక్షిగారు.

"అటకమీదది తీసుకుంటానే. దొడ్లోనే వండుకుంటాను."

"అది మళ్లీ లోపలికి రాకూడదు."

"రాదు."

ఆ విధంగా నన్ను వెలివేశారు. దొడ్డిగుమ్మం పక్కన రేకు పంచలో ఒంటి బర్నరు పొయ్యి పెట్టారు. పొరపాటున కూడా వంటింటి సామాన్లలో కలవకుండా విశాలాక్షిగారు తన గోళ్లరంగుతో నా పిడి మీద ఒక ఎర్ర చుక్క పెట్టారు. ప్రమాదం అని దాని భావం. ఆవిడ డిగ్రీలో కెమిస్ట్రీ చదివారు, సీసాల మీద అలాంటి గుర్తులు చూసి ఉంటారు.

కాలు విరిగిన పిల్ల పెరిగి గేటు దగ్గర ఏ పనీ చెయ్యకుండా దర్జాగా కూర్చోవడం నేర్చుకుంది. దానికి కలెక్టరు అని పేరు. తర్వాత మురిక్కాలవలో దొరికిన ఒంటికన్ను పిల్లి వచ్చింది, జడ్జిగారు. ఎర్రటి పిల్లి ఆవకాయ, దాని సంతానం. తర్వాత బూందీ, ఏ ఒక్క చెప్పునూ జతగా ఉండనివ్వని కుర్రకుక్క. ఒకదాని తోక ఒకటి కొరికి, ఒకదాని మీంచి ఒకటి దూకి, తులసికోట చుట్టూ రోజంతా గోలే. నేను మొదటిసారిగా అంచుదాకా నిండాను. నూకలు, కోడి మెడలు, కాస్త పసుపు. ఉప్పు ఉండదు. పేరేమో సోమయాజులు, వండేదేమో కోడి మెడలు అని చుట్టాలు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు.

నా వెయిట్ ఒకసారి నేలమీద పడి సొట్టపోయింది. అప్పటినుంచి నా కూత జలుబు చేసినవాడి దగ్గులా ఉంటుంది. అది వినగానే కుక్కలూ పిల్లులూ తగువులు మానేసి పంచ ముందు వరసకట్టి దొడ్డిగుమ్మం వైపు చూసేవి. ఆయన అందులోంచి పళ్లేలు పట్టుకొచ్చేవారు. విశాలాక్షిగారు మాత్రం లోపలినుంచే, "మీ పంక్తి కూర్చుంది, వెళ్లండి," అనేవారు. గుమ్మం దాటేవారు కాదు.

ఒక ఉదయం సోమయాజులుగారు పాలపాకెట్టుకని వెళ్లి వీధి మలుపులోనే కూలబడ్డారు. ఆసుపత్రిదాకా కూడా వెళ్లలేదు. అంతకుముందురోజు ఆయన నన్ను చింతపండు పెట్టి తళతళా తోమి గట్టుమీద బోర్లించారు. నేనలాగే ఉండిపోయాను.

ఇల్లు చుట్టాలతో నిండింది. జంతువుల్ని దొడ్డిలో పెట్టి తలుపు గడియవేశారు. ఎవరో పెరుగన్నం కలిపి పడేసేవారు. బూందీ, పిల్లులు తిన్నాయి. కలెక్టరు తినలేదు. నా కింద గట్టు దగ్గర మూతి నేలకానించి పడుకుంది. పక్కటెముకలు బయటపడుతున్నాయి. దాన్ని చూస్తే నాకేమైనా అనిపించాలేమో. నేను చల్లగా ఉన్నాను.

లోపల విశాలాక్షిగారూ అంతేనని మాటల్ని బట్టి తెలిసేది. ఆవిడ ఏడవలేదు. కాఫీ చేతికిస్తే తాగేవారు, ఇవ్వకపోతే అడిగేవారు కాదు. ఆయన తమ్ముడు రామశేషు దొడ్డిగుమ్మంలో నిలబడి అన్నాడు:

"ఊరిబయట ఎవరో కుక్కలకీ పిల్లులకీ షెడ్డు నడుపుతున్నార్ట వదినా. పదమూడోరోజు భోజనాలయ్యాక సాయంత్రం వ్యానొస్తుంది. ఇల్లు తాళం పెట్టేసి నువ్వు మాతో రాజమండ్రి వచ్చెయ్యి."

"సరే."

"కలెక్టరు ముసలిదైపోయింది. దాన్ని ఉంచుకోరేమో, చూడాలి."

"మీ ఇష్టం."

నూనె అయిపోయిందన్నా అదే గొంతుతో చెప్పేవారేమో.

పదమూడోరోజు భోజనాలకు అనుకున్నదానికన్నా జనం ఎక్కువొచ్చారు. వంటవాళ్లు తెచ్చిన గిన్నెలన్నీ పొయ్యిల మీదే ఉన్నాయి, పప్పు చాలదన్నారు. సోమయాజులుగారి అక్క మాణిక్యాంబ మడిచీర ఎగదోపుకుని గిన్నె వెతుక్కుంటూ దొడ్లోకి వచ్చింది. ఎప్పుడో పండక్కి తప్ప రాని మనిషి, తమ్ముడు కోడి మెడలు దేంట్లో వండేవాడో ఎరగదు. నన్ను చూసి ఆగిపోయింది. విడిగా గట్టుమీద బోర్లించి ఉన్నాను. అద్దంలా మెరుస్తున్నాను. పైగా పిడి మీద ఎర్ర చుక్క.

"చూశారటే మా మరదలు! బొట్టుపెట్టి మరీ దాచుకుంది మడి గిన్నెని. ఈ కాలంలో ఇంత ఆచారం ఎవరికుంది!" అని నన్ను ఎత్తి కళ్లకద్దుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. వెనక తలుపు గడియ వెయ్యడం మర్చిపోయింది.

అన్నేళ్ల తర్వాత నా కడుపులో కందిపప్పు, మామిడికాయ ముక్కలు పడ్డాయి. కింద మంట. ఆవిరి నిండింది. నాకు వేరే కూత రాదు. ఉన్న ఆ దగ్గే దగ్గాను.

ముందు బూందీ వచ్చింది. తర్వాత ఆవకాయ సంతానంతో సహా. జడ్జిగారు. విస్తళ్ల మధ్యలోంచి, పట్టుపంచెల మీంచి, పెద్దల "ఛీ, ఛీ"ల మధ్యనుంచి దూసుకొచ్చి వంటింటి ముందు వరసకట్టాయి. అన్నిటికన్నా వెనక, లేవలేని కాళ్లమీద లేచి, కలెక్టరు. ఒక్కటీ విస్తరివైపు చూడలేదు. గుమ్మం వైపు చూస్తున్నాయి.

"ఇదేం దండయాత్రే విశాలాక్షీ!" అని అరిచింది మాణిక్యాంబ.

గదిలోంచి విశాలాక్షిగారు వచ్చారు. కూత ఆవిడకీ వినబడింది. నన్ను చూశారు, నా చుక్కను చూశారు, వడ్డనకు తీస్తున్న పప్పును చూశారు. ఒకటే మాటతో అంతా ఆపెయ్యొచ్చు. పెదవి చివర ఏదో కదిలి ఆగిపోయింది.

"వడ్డించండి వదినగారూ, చల్లారిపోతుంది," అన్నారు.

పప్పు అద్భుతంగా ఉందని పంక్తి అంతా అంది. రామశేషు మారడిగి వేయించుకున్నాడు.

భోజనాలయ్యాక ఆవిడ నన్ను పట్టుకుని దొడ్డిగుమ్మం దాటారు. కలెక్టరు వెంటే వచ్చింది. అడుగున మిగిలిన పప్పులో అన్నం కలిపి దాని ముందు పెట్టారు. అది వాసన చూసింది. ఆవిడ ముఖం చూసింది. కాస్త తిని ఆపేసింది, మళ్లీ కాస్త తింది.

రామశేషు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. "వ్యాను బయల్దేరిందిట వదినా."

"రావద్దని చెప్పు."

"అదేవిటి? సరే అన్నావుగా!"

"అన్నాను. ఇవిక్కడే ఉంటాయి. నేనూ ఇక్కడే ఉంటాను."

"వీటికి మాంసం ఎవరు వండుతారు? అన్నయ్యకైతే పట్టింపు లేదు. నువ్వు ఆ గిన్నె ముట్టుకుంటావా అసలు?"

విశాలాక్షిగారు నా పిడి మీద చుక్కను కొంగుతో తుడిచారు. అది చెరిగే రంగు కాదు.

"ఇందాక నువ్వు మారడిగిన పప్పు ఈ గిన్నెలోదే రామశేషూ. నీకేమైనా అయిందా?"

అతను నోట్లోంచి పుల్ల తీశాడు. నన్ను చూశాడు. లోపల ఆశీర్వచనం చేసి లేస్తున్న పెద్దల్ని చూశాడు.

"అక్కయ్యకి చెప్పకు," అన్నాడు చివరికి.

"వ్యాను రాకపోతే ఎందుకు చెప్తాను?"

వ్యాను రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మాణిక్యాంబ వెళుతూ వెళుతూ అలాంటి మడి గిన్నె తనకూ ఒకటి కొనిపెట్టమని చెప్పి మరీ వెళ్లింది.

మర్నాడు పొద్దున్న విశాలాక్షిగారు ముక్కుకు కొంగు కట్టుకుని, ఎవరితోనో తెప్పించిన పొట్లాన్ని చూడకుండా నాలో బోర్లించారు. నూకలు ఎక్కువేశారు, పసుపు మరీ ఎక్కువేశారు, అలవాటుకొద్దీ ఉప్పు వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీశారు. పొయ్యి వెలిగించి, పళ్లేలు వరసగా పేర్చుకుని నిలబడ్డారు. ముఖంలో ఏమీ లేదు. నా లోపల ఆవిరి మెల్లగా నిండుతోంది.

నేను కూశాను. కుక్కలూ పిల్లులూ వచ్చి వరసకట్టి, అలవాటుగా దొడ్డిగుమ్మం వైపు చూశాయి. పళ్లేలు పట్టుకున్న ఆవిడ కూడా వెనక్కి తిరిగి గుమ్మం వైపే చూశారు.