పొలుసు మందు

"పిక్కల మీద ఈ పొలుసులు ఎప్పట్నుంచండీ?" అని బందరు డాక్టరమ్మ అడిగిందో లేదో, వీరమ్మకు ఒళ్లు మండిపోయింది. అవనిగడ్డ మార్కెట్లో ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతున్న మనిషిని పట్టుకుని పొలుసులంటే, అది వెక్కిరింపు కాక మరేమిటి? పైగా గీకొద్దంది. చేతికి పొలుసు తగిలితే గీకకుండా ఉండటం వీరమ్మకు ఏనాడూ తెలియదు.

"అంటుకునే జబ్బు కాదండీ. డి విటమిన్‌తో చేసిన ఆయింట్‌మెంట్ ఇస్తున్నా."

"ఆ విటమిన్ ఎండలో వస్తుందంటగా! పొద్దస్తమానం ఎండలో కూర్చునేదాన్ని, నాకు తక్కువేంటమ్మా?"

"తక్కువై కాదు. చర్మం తొందరపడి పెరిగిపోకుండా ఈ మందు ఆపుతుంది."

వీరమ్మ నమ్మలేదు. మందుచీటీ కోడలు వీరదుర్గకు వదిలేసి విసురుగా బయటికొచ్చేసింది.

పిక్కల వెనక తనకు కనపడదు కనుక, రోజూ సాయంత్రం కోడలే మందు రాస్తుంది. మెత్తగానే రాస్తుంది. రాయగానే పంపు దగ్గరికెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు తోముకుంటుంది. ఆ తోముడే వీరమ్మ గుండెల్లో ముల్లయి కూర్చుంది. అంటుకోనిదైతే అంత రుద్దుడెందుకు? నిప్పు లేనిదే పొగ రాదు. జబ్బొచ్చిన ఈ రెండు నెలల్లో కోడలు పసి మనవరాల్ని ఒక్కసారైనా తన ఒళ్లో పెట్టిందా? అడిగి కాదనిపించుకోవడం వీరమ్మకు చావుతో సమానం.

తేల్చుకుందామని ఒకరోజు సబ్బు తీసి బొడ్లో దోపుకుంది.

కోడలు మందు రాసి, పంపు దగ్గర సబ్బు కోసం వెతికింది. ఇంతలో ఉయ్యాల్లో పిల్ల గుక్కపట్టింది. వీరదుర్గ పరుగున వచ్చింది గానీ, చేతులు రెండూ ఎడంగా పట్టుకుని నిలబడిందే తప్ప పిల్లను ముట్టలేదు.

"చూశావా! నా కాళ్లంటే నీకింత రోత!"

"రోతేంటత్తా? ఈ మందు పిల్లకి తగలకూడదని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. నువ్వేమో పొలుసులందని అలిగి వచ్చేశావు. నీ చేతులకేం మందుందని? ఎత్తుకో! రెండు నెల్లుగా దానివంకే చూడవు. ఆడపిల్లని ఇష్టం లేదేమో అనుకున్నా."

వీరమ్మ గబుక్కున వంగి పిల్లనెత్తుకుంది. బొడ్లోని సబ్బు జారి ఇద్దరి మధ్యా పడింది.

వీరదుర్గ సబ్బు వంక చూసింది, అత్త వంక చూసింది. సబ్బు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది. వీరమ్మ సిగ్గుతో పిల్ల పొట్టలో మొహం దాచుకుంది.