ఎడమ సీట్లో వాన

ప్రతి గురువారం పొద్దున్నే పశువుల డాక్టరు అనార్‌కుల్ ముందు మందుల పెట్టెలో ఐసు సర్దుతుంది. తర్వాత ఫ్లాస్కులో టీ పోసుకుంటుంది. ఆ పైన జీపు ఎడమ సీటు మీంచి ఉల్లినారు ట్రేలు దింపి పొరుగింటి రైకుల్ గుమ్మంలో పెడుతుంది. ఆ సీట్లో తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా సన్నగా వాన పడుతుంది. ఊరికే పోయే నీళ్ళే కదా అని రైకుల్ తన నారు అక్కడ పెట్టుకుంటుంది.

"గురువారాలు నా ఉల్లిపాయలకు ఉపవాసమేనా?" అని రైకుల్ కిటికీలోంచి సాగదీస్తుంది.

"నువ్వొచ్చి కూర్చో, నీకూ ఇంత తడి తగులుతుంది" అంటుంది అనార్‌కుల్. రైకుల్ రాదు. ఎవరూ రారు.

రెండేళ్ళ కిందట రాజధాని బిష్కెక్‌లో నూర్దిన్ దగ్గర కొన్న బండి అది. నూర్దిన్ జపాన్ నుంచి పాత జీపులు తెప్పించి అమ్ముతాడు. అక్కడ వేలానికి వచ్చే ప్రతి బండికీ ఒక కాగితం ఉంటుంది. బండి బొమ్మ గీసి, లోపం ఎక్కడుంటే అక్కడ గుర్తు పెడతారు. నూర్దిన్ ఆ కాగితం ఆమె ముందు పరిచి వేలితో చూపించాడు.

"ఇంజను రాయిలా ఉందక్కా. బురదలో నాలుగు చక్రాలూ లాగుతాయి. వెనక తలుపు మీద రెండు గీతలు, బంపరుకు ఒక సొట్ట. ఎడమ సీట్లో వాన. దానికే మార్కు తగ్గించారు, లేకపోతే ఇది మన చేతికి అందేదా?"

"సీటు కుళ్ళిపోదూ?"

"ముందాయన కింద చిల్లులు పెట్టించాడు, చుక్క నిలవదు. అయినా నీ పక్కన కూర్చునేదెవరు గనక?"

మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు పాపం. అనార్‌కుల్ కూడా నవ్వేసి సంతకం పెట్టింది. తల్లి పోయాక ఇంట్లో ఒక్కతే. ఆ మాట మాత్రం తన ఊరు నారిన్ చేరేదాకా వెంటే వచ్చింది.

బండి ఓడెక్కి, రైలెక్కి, రెండున్నర నెలలకు వచ్చింది. తలుపు తీస్తే సముద్రం వాసన కొట్టింది. ఎడమ సీటు కింద ఒక గొడుగు ఉంది. రంగూ గుడ్డా ఏమీ లేదు, అవతలిదంతా కనిపించే ప్లాస్టిక్ గొడుగు. దీన్ని వదిలేసి పోయారేమిటా అనుకుని మళ్ళీ అక్కడే పెట్టేసింది.

కొండదారుల్లో జీపు మేకలా ఎక్కేది. చిక్కంతా తారు రోడ్డు మీదే వచ్చింది. జపాన్ బండి కాబట్టి స్టీరింగు కుడివైపు, ఇక్కడ బండ్లు నడిచేదీ రోడ్డుకు కుడివైపే. ముందు లారీ ఉంటే దాని వెనక తలుపు తప్ప డ్రైవరుకు ఇంకేమీ కనపడదు. ఇలాంటి బండ్లున్న వాళ్ళందరికీ ఎడమ సీట్లో ఒక మనిషుంటారు. పెళ్ళామో, మరిదో, అత్తగారో తల బయటపెట్టి "దారుంది, పోనీ" అంటారు. అనార్‌కుల్‌కు ఆ మాట అనే దిక్కు లేదు. ఒకసారి తెగించి దాటబోతే ఎదురుగా బస్సు ముక్కు మీదికొచ్చింది. అప్పటినుంచి ఏ లారీ వెనక పడితే ఆ లారీ వెనకే దోలోన్ కనుమ ఎక్కి దిగుతోంది. టీకాలు వేయాల్సిన ఊళ్ళకు చేరేసరికి మందల్ని మేతకు తోలేసేవాళ్ళు. జనం చాటున గొణిగారు, తర్వాత మొహం మీదే అన్నారు.

చివరికి జిల్లా ఆఫీసులో కుర్చీ పనికి ఒప్పుకుంది. ఈ గురువారమే ఆఖరి ప్రయాణం. కొచ్కోర్ సంత దగ్గర దూలోత్ అనేవాడు బండి కొనడానికి కాచుకుని ఉన్నాడు. తాళాలు ఇచ్చేస్తే ఇక మందలూ లేవు, కొండలూ లేవు. నాలుగు గోడల మధ్య కాగితాలతో బతకాలి. తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

కనుమ మీద మూతబడ్డ వాతావరణ కేంద్రం దగ్గర ఒక మనిషి చెయ్యెత్తాడు. షార్షెన్. కేంద్రం మూసేసినా అక్కడే ఉండిపోయి, ఎవరికీ పంపని వాన లెక్కల పుస్తకం ఏళ్ళ తరబడి రాస్తున్నాడని అందరికీ తెలుసు.

"కొచ్కోర్ దాకా వస్తాను డాక్టరమ్మా."

"వెనక అంతా మందుల పెట్టెలేనన్నా. ముందు సీట్లో వానపడుతోంది."

"ఎంత పడుతోంది?"

ఆ మాట రెండేళ్ళలో ఎవరూ అడగలేదు. షార్షెన్ లోపలికి పరుగెత్తి వాన కొలిచే డబ్బా, పుస్తకం పట్టుకొచ్చాడు. సీటెక్కి డబ్బాను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. పుస్తకం తడుస్తుందని ఆమె సీటు కింద గొడుగు తీసి ఇచ్చింది. విప్పి తలకూ పుస్తకానికీ అడ్డం పట్టుకుని, డబ్బాను వానకే వదిలేశాడు.

మలుపు తిరగ్గానే రేకుల లారీ అడ్డొచ్చింది. అనార్‌కుల్ అలవాటుగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసింది.

షార్షెన్ గొడుగులోంచి ముందుకు చూశాడు. "దారుంది" అన్నాడు. "పోనీ."

ఆమె నొక్కింది. లారీ వెనకబడింది. ఇంకోటి. "ఆగు, గుర్రాలు... ఆ, ఇప్పుడు పోనీ." అప్పుడర్థమైంది ఆమెకు, ఆ గొడుగు అలా ఎందుకుందో. జపాన్‌లోనూ ఎవరో వానలో కూర్చుని, పక్కనున్న మనిషి కోసం రోడ్డు చూశారన్నమాట.

మందలు ఇంకా దొడ్లలో ఉండగానే టీకాలు అయిపోయాయి. సంత దగ్గర దూలోత్ బండి చుట్టూ తిరిగి, ఎడమ సీటు నొక్కి చూశాడు.

"వాన ఎప్పటికైనా తగ్గుతుందా?"

"రెండున్నర మిల్లీమీటర్లు" అన్నాడు షార్షెన్, పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఒక్కరోజు చూసి చెప్పేది కాదు. ఏడాదైనా కొలవాలి."

అనార్‌కుల్ తాళాలు కోటు జేబులో వేసుకుంది. "విన్నావుగా తమ్ముడూ. ఏడాది పడుతుందట."

తిరుగుదారిలో మధ్యాహ్నం దాటి వాన ఆగిపోయింది. షార్షెన్ గొడుగు మూయలేదు.

"ఇక పడదన్నా, మూసెయ్యి."

"ఉండనీ" అన్నాడు. "దీంట్లోంచి రోడ్డు బాగా కనిపిస్తోంది."

ముందు లారీ ఉంది. ఆమె అతని మాట కోసం ఆగింది.